‘చెల్లి’ అని పిలిచిన మనిషి – హేమలతా లవణం

తెలీబంధా చెరువు గట్టు మీద సాయంత్రం పూట నడకకి వచ్చే మన రిటైర్డ్ మిత్రులందరికీ మినీమాత పేరు తెలిసే ఉంటుంది. అసలు పేరు మీనాక్షి. కరువుకి తట్టుకోలేక ఛత్తీస్‌గఢ్ పల్లె విడిచి అస్సాం తేయాకు తోటలకి కూలికి వెళ్ళిన కుటుంబంలో పుట్టి, సత్నామీ గురువు అగమ్‌దాస్‌గారిని పెళ్ళాడి, మళ్ళీ ఈ గడ్డకే వచ్చారు. ఈ ప్రాంతం నుంచి లోక్‌సభకి వెళ్ళిన మొదటి మహిళ ఆవిడే. అంటరానితనం మీద, బాల్యవివాహాల మీద, వరకట్నం మీద గొంతెత్తారు. 1972 ఆగస్టులో ఢిల్లీ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో పోయారు. హస్‌దేవ్ నది మీద కట్టిన బాంగో డ్యాముకి ఆవిడ పేరే పెట్టారు.

మా మనవరాలు స్కూల్లో మినీమాత మీద ఐదు నిమిషాలు మాట్లాడాల్సి వచ్చింది. ఇంట్లో బట్టీపట్టి నాకు అప్పజెప్పింది. చివర్లో ఒక ప్రశ్న వేసింది. “తాతయ్యా, మన తెలుగువాళ్ళల్లో ఇలాంటి ఆవిడ ఎవరూ లేరా?”

వెంటనే నోటికొచ్చిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. అది తప్పేమీ కాదు. కాని రాత్రి పడుకున్నాక ఇంకో పేరు గుర్తొచ్చింది. ఆ పేరు మన పిల్లలకే కాదు, మనలో చాలామందికి కూడా తెలియదు. దొంగల ఊరని పేరుపడ్డ ఊరికి పోలీసు తోడు లేకుండా వెళ్ళిన మనిషి. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లల్ని ఊరికి అప్పగించే ఆచారాన్ని మాన్పించడానికి ఏళ్ళ తరబడి పల్లెల్లో తిరిగిన మనిషి. ఆవిడే హేమలతా లవణం. ఈ ఏడాది మన సంచికలో ఆవిడ గురించి నాలుగు మాటలు వ్రాద్దామనిపించింది.

బానిసత్వం ఎన్ని రకాలు?

‘బానిసత్వ నిర్మూలన’ అనగానే మనకి అమెరికా గుర్తొస్తుంది. అక్కడ హేరియట్ టబ్‌మన్ అని ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. తాను బానిసగా పుట్టి, పారిపోయి, మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి తనవాళ్ళని తప్పించి తీసుకొచ్చింది. మనబోటివాళ్ళకి ఆవిడ గురించి ఇంకో విషయం ఆసక్తిగా ఉంటుంది. అంతర్యుద్ధంలో ఆవిడ ఉత్తరాది సైన్యానికి స్కౌటుగా పని చేసింది. 1863 జూన్‌లో కుంబాహీ నది మీద జరిగిన దాడిలో దారి చూపి, ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలకి విడుదల కలిగించిన దళంతో ఉంది. యుద్ధం అయిపోయాక పెన్షన్ కోసం ముప్ఫై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. 1895లో మాజీ సైనికుడి భార్య అన్న లెక్కన నెలకి 8 డాలర్లు మంజూరయ్యాయి. 1899లో అది 20 అయింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు, ఆడవాళ్ళకి ఓటు కావాలని సభల్లో మాట్లాడింది.

మన దేశంలో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపుని 1843లోనే తీసేశారు. కాగితం మీద పోయింది. కాని గొలుసులు లేని బానిసత్వాలు మన దగ్గర చాలా మిగిలాయి. వెట్టి ఒకటి. పుట్టుకతోనే ‘నేరస్థుడు’ అని ముద్ర వెయ్యడం ఒకటి. దేవత పేరు మీద ఆడపిల్లని ఊరుమ్మడి చెయ్యడం ఒకటి. వీటిలో చివరి రెండింటినీ తన జీవితపు పనిగా పెట్టుకున్నారు హేమలతగారు.

పుట్టిల్లు, అత్తిల్లు

ఆవిడ 1932 ఫిబ్రవరి 26న గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టారు. తండ్రి మహాకవి గుర్రం జాషువా. తల్లి మరియమ్మ. జాషువాగారి గురించి మన సంచిక పాఠకులకి చెప్పనక్కర్లేదు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ చదవని తెలుగు ఇల్లు మన తరంలో తక్కువ. గుడి గడప తొక్కనివ్వని మనిషి, తన బాధని శివుడికి చెప్పమని గుడిలోకి స్వేచ్ఛగా వెళ్ళగలిగే గబ్బిలంతో కబురు పంపడం ఆ కావ్యంలో కథ. గబ్బిలానికి ఉన్న హక్కు మనిషికి లేదన్నమాట. అంత పెద్ద కవి కూడా కులం పేరుతో పంక్తిలోంచి లేవగొట్టిన అవమానాలు పడ్డవాడే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి అవమానం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. తర్వాత తండ్రి గురించి ‘మా నాన్నగారు’ అనే పుస్తకం వ్రాశారు.

1960లో ఆవిడ పెళ్ళి లవణంగారితో జరిగింది. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి పెద్ద కొడుకు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. జంధ్యం తీసేసి, కొలువులు పోగొట్టుకొని, 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకి మారింది. కొడుకు 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టాడని ‘లవణం’ అని పేరు పెట్టారు. అత్తగారు సరస్వతీ గోరా కూడా తక్కువ మనిషి కాదు. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూస్తే పిల్లలకి అంగవైకల్యం వస్తుందని ఊరంతా భయపడే రోజుల్లో, బయటికి వచ్చి గ్రహణం చూసినావిడ. గోరాగారి పెద్దమ్మాయి మనోరమ పెళ్ళి ఒక హరిజన యువకుడితో జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. గాంధీగారు పోయాక 1948 మార్చిలో సేవాగ్రాంలో ఆ పెళ్ళి జరిగింది.

ఇటు చూస్తే క్రీస్తు చరిత్ర వ్రాసిన కవిగారి కూతురు, అటు చూస్తే దేవుడే లేడన్న కుటుంబం. కులాలు రెండూ రెండు చివరలు. ఇప్పటికీ పేపర్లో కులాంతర వివాహం చేసుకున్న జంట మీద దాడి అని చదువుతూనే ఉన్నాం. అలాంటిది 1960లో ఈ పెళ్ళి అయింది. ఇద్దరూ కలిసి పెట్టుకున్న సంసారం మామూలు సంసారం కాదు, జనంలో తిరిగే సంసారం.

చంబల్ లోయలో

అప్పట్లో వినోబా భావే పాదయాత్ర నడుస్తోంది. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైన సంగతి తెలిసిందే. లవణంగారు వినోబా ప్రసంగాలకి అనువాదకుడిగా వెంట నడిచినవారు. పెళ్ళయిన ఏడాదే, 1960 మే నెలలో, వినోబా చంబల్ లోయలో అడుగుపెట్టారు. ఆ నడకలో హేమలతగారు కూడా ఉన్నారు.

ఈ ఘట్టంలో మన శాఖకి చెందిన ఒక పెద్దమనిషి పాత్ర ఉంది, అది చెప్పాలి. ఉరిశిక్ష పడి నైనీ జైల్లో ఉన్న తహసీల్దార్ సింగ్, అంటే పేరుమోసిన మాన్‌సింగ్ కొడుకు, వినోబాకి ఉత్తరం వ్రాశాడు. చంబల్‌కి వచ్చి మావాళ్ళతో మాట్లాడమని దాని సారాంశం. ఆ తర్వాత లోయలో తిరిగి బందిపోట్లకి, వినోబాకి మధ్య రాయబారం నడిపినాయన మేజర్ జనరల్ యదునాథ్ సింగ్. (1948లో నౌషేరా దగ్గర తైంధార్‌లో వీరమరణం పొంది పరమవీరచక్ర అందుకున్న నాయక్ జదునాథ్ సింగ్ వేరు. పేర్లు దగ్గరగా ఉండడంవల్ల పొరబడే అవకాశం ఉంది.) ఒక జనరల్ స్థాయి అధికారి ఆయుధం పట్టుకోకుండా ఆ గుట్టల్లోకి వెళ్ళి, తుపాకులు పట్టుకున్నవాళ్ళతో కూచుని మాట్లాడాడు. ఇరవైమంది ఆయుధాలు వినోబా ముందు పెట్టారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు వందలమంది లొంగిపోవడానికి దారి వేసింది ఈ 1960 ఘట్టమే. అప్పుడు మన రాయపూర్ కూడా ఆ మధ్యప్రదేశ్‌లోనిదే.

లొంగుబాటు అంటే ఫొటోలో కనిపించేది ఒక్క క్షణం. తుపాకీ కింద పెడతారు, దండ వేస్తారు, ఫొటో తీస్తారు. మర్నాడు పొద్దున్న ఏం తినాలి, ఎక్కడ ఉండాలి, పిల్లలు ఏ బళ్ళో చేరాలి, చుట్టుపక్కలవాళ్ళు పలకరిస్తారా లేదా అన్నవి ఫొటోలో పడవు. హేమలతగారి తర్వాతి నలభై ఏళ్ళ పని అంతా ఆ ‘మర్నాడు’ గురించే. బస్తర్ వైపు నుంచి లొంగుబాట్ల వార్తలు చదివే మన రాష్ట్రంలో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

స్టువర్టుపురం

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ‘నేరస్థ జాతుల చట్టం’ అని ఒకటి తెచ్చింది. మనిషి నేరం చేస్తే శిక్షించడం వేరు. ఫలానా జాతిలో పుట్టావు కాబట్టి నువ్వు నేరస్థుడివే అనడం వేరు. ఈ చట్టం రెండోపని చేసింది. 1911లో దీన్ని మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకొని ఊరూరా అమ్ముకునే ఎరుకల వాళ్ళకి రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. బతుకు పోయినవాళ్ళ మీద నేరం ముద్ర పడింది. 1913లో బాపట్ల దగ్గర వాళ్ళకోసం ఒక సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ మిషనరీలకి అప్పగించారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది.

రోల్‌కాల్ మనమూ ఇచ్చాం. ఔట్‌పాస్ లేకుండా గేటు దాటకుండా మనమూ ఉన్నాం. కాని అది మనం ఒప్పుకొని సంతకం పెట్టిన సర్వీసు, దానికి గౌరవం ఉంది, జీతం ఉంది. వీళ్ళకి మాత్రం పుట్టడమే కారణం. హాజరు చెప్పాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు పట్టుకునేది వీళ్ళనే. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో 1947లో ఈ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది గాని ముద్ర పోలేదు.

1974లో, జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, లవణం దంపతులు స్టువర్టుపురంలో పని మొదలుపెట్టారు. చంబల్ అనుభవం వెనకాల ఉంది. వాళ్ళ లెక్క సులభమైనది. మగవాళ్ళు జైలుకి పోతే ఇల్లు నడిపేది ఆడది. పోలీసు తలుపు కొడితే తియ్యాల్సింది ఆడది. లాయరుకి డబ్బు తేవాల్సింది ఆడది. కాబట్టి మార్పు ఇంటి లోపల నుంచి, ఆడవాళ్ళ నుంచి మొదలవ్వాలి. ఆ ఆడవాళ్ళతో కూచుని మాట్లాడగలిగింది హేమలతగారు. ‘మీరు చెడ్డవాళ్ళు, మారండి’ అని చెప్పడానికి వెళ్తే ఎవరూ వినరు. జాషువా కూతురికి ఆ తప్పు చెయ్యాల్సిన పని లేకపోయింది. ముద్ర మోసే బతుకు ఎలాంటిదో తనకి తెలుసు. పిల్లల చదువు, పొలం, చేతిపని, కోర్టుల్లో పెండింగు కేసులు, ఇవన్నీ ఒక్కటొక్కటిగా పట్టుకున్నారు. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్ప లాంటి ఇతర సెటిల్‌మెంట్లకీ ఈ పని పాకింది. దీనికోసం ‘సంస్కార్’ అనే సంస్థ పెట్టారు. ఆ అనుభవాలని ‘నేరస్థుల సంస్కరణ’ అనే పుస్తకంలో వ్రాశారు.

అంతా బాగుపడిపోయిందని చెప్పడం అబద్ధం అవుతుంది. ముద్ర ఎంత మొండిదో చూడండి. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరులో పోలీస్ స్టేషన్, ఇంకోదాని పేరులో దొంగలు. 2023లో కూడా ఆ ఊరి దొంగ కథతో పెద్ద సినిమా వచ్చింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊళ్ళో చదువుకొని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఎంతమంది ఉన్నా, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి మొహంలో వచ్చే మార్పుని వాళ్ళు రోజూ చూస్తూనే ఉంటారు.

జోగిని

ఇక రెండో పని. ఇది మొదటిదానికంటే కష్టం. ఎందుకంటే దొంగతనం తప్పని చేసేవాడికి కూడా తెలుసు. జోగిని చెయ్యడం మాత్రం పుణ్యం అనుకొని చేసేవాళ్ళు.

తెలంగాణలో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ లాంటి జిల్లాల్లో ఈ ఆచారం ఉండేది. అనంతపురం, కర్నూలు వైపు బసివి అంటారు. చిత్తూరు వైపు మాతమ్మ అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒక్కటే. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా కొడుకులు ఉండరు, లేదా ఊళ్ళో వానలు పడవు. ఎల్లమ్మకో పోచమ్మకో పిల్లని ఇస్తామని మొక్కుతారు. ఐదేళ్ళ పిల్ల కావచ్చు, పదేళ్ళ పిల్ల కావచ్చు. దేవతతో పెళ్ళి అని బొట్టు కడతారు. అక్కడ నుంచి ఆ పిల్లకి మనిషితో పెళ్ళి లేదు. ఈడు వచ్చాక ఊళ్ళో బలం ఉన్నవాళ్ళు ఎవరైనా ఆమె దగ్గరికి రావచ్చు. జాతరలో ఆడాలి. శవం ముందు ఆడాలి. ఆమెకి పుట్టే బిడ్డకి తండ్రి ఉండడు. ఆ బిడ్డ ఆడపిల్ల అయితే మళ్ళీ అదే బాట.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. ఇలా దేవుడికి ఇచ్చే పిల్లలు ఎప్పుడూ మాల మాదిగ వాడల్లోంచి, అలాంటి పేద కులాల ఇళ్ళల్లోంచే వచ్చేవారు. దేవతకి భూస్వామి కూతురు ఎప్పుడూ కావలసి రాలేదు. పైగా ఊరు మామూలు రోజుల్లో వాళ్ళని ముట్టుకోదు, వాళ్ళ చేతి నీళ్ళు తాగదు. రాత్రిపూట ఈ అంటు ఎక్కడికి పోయేదో! కులం, పేదరికం, ఆడపుట్టుక మూడూ కలిసి ఒక్క పిల్ల మెడకి చుట్టుకున్న తాడు ఇది. అందుకే హేమలతగారు దీన్ని మతం సమస్యగానో, నీతి సమస్యగానో మాత్రమే చూడలేదు. బానిసత్వం అన్నారు.

ఈ పోరాటం ఆవిడతోనే మొదలయిందని కాదు. కందుకూరి వీరేశలింగంగారి కాలం నుంచి ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేళ్ళు కూడా నిండని దుర్గాబాయి, దేవదాసీ స్త్రీలు గాంధీగారిని కలిసేలా చూడాలని పట్టుపట్టి సాధించింది. ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకంగారు ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. మద్రాసు శాసనమండలిలో మొదటి మహిళ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చట్టం కోసం పోరాడారు. ఆవిడ తల్లి కూడా అలాంటి కుటుంబం నుంచి వచ్చినావిడే. చివరికి 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది.

కాని ఆ చట్టం మద్రాసు రాష్ట్రానిది. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆ చట్టం ‘ఆంధ్ర ప్రాంతం’ చట్టంగానే మిగిలిపోయింది. అంటే కాకినాడలో నేరమైనది, నిజామాబాద్‌లో నేరం కాలేదు. పైగా పెద్ద గుళ్ళలో నాట్యం చేసే దేవదాసీల గురించి చదువుకున్నవాళ్ళు మాట్లాడారు, పుస్తకాలు వ్రాశారు. ఊరి చివర ఎల్లమ్మ గుడి దగ్గర జోగిని గురించి పట్నాల్లో ఎవరికీ తెలియదు.

ఆ చోటికి వెళ్ళారు హేమలతగారు. 1980లలో సంస్కార్ కార్యకర్తలు నిజామాబాద్ జిల్లాలో పల్లెలు తిరిగారు. జోగినులతో మాట్లాడారు, మొక్కుకున్న తల్లిదండ్రులతో మాట్లాడారు, ఊరి పెద్దలతో మాట్లాడారు. వర్ని దగ్గర జోగినుల కోసం ఒక నివాసం ఏర్పాటయింది. దానికి పెట్టిన పేరు ‘చెల్లి నిలయం’.

ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మన తెలుగులో ఒక ఆడమనిషిని అక్కా అన్నా, చెల్లీ అన్నా ఆ మాటతో ఒక గీత గీసినట్టు. చెల్లి అన్నాక ఆమె మీద చూపు మారాలి. ఊరు ఏ పేరుతో పిలిచినా ఆ పిలుపులో ఒక హక్కు, ఒక ఎగతాళి ఉండే ఆడదాన్ని, చెల్లి అని పిలవమని బోర్డు వ్రాసి పెట్టడం చిన్న విషయం కాదు. పునరావాస కేంద్రం అనో, శరణాలయం అనో పెట్టొచ్చు. పెట్టలేదు. అక్కడికి వచ్చే ప్రభుత్వ అధికారి కూడా ‘చెల్లి నిలయం’ అనే వ్రాయాలి, అనాలి.

చట్టం తర్వాత

ఇలాంటి కృషి అంతా కలిసి 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల (అంకితం నిషేధ) చట్టం వచ్చింది. జోగిని, బసివి, మాతమ్మ, పార్వతి లాంటి పేరు ఏది పెట్టినా సరే, ఆడపిల్లని దేవుడికి అంకితం చెయ్యడం రాష్ట్రమంతటా నేరం అయింది. చేసినవాళ్ళకీ, తల్లిదండ్రులకీ కూడా జైలు, జరిమానా. అంకితమైన స్త్రీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లుతుంది, పిల్లలు సక్రమ సంతానమే అని చట్టం చెప్పింది.

ఇక్కడే ఒక తిరకాసు వచ్చింది. జోగినుల్ని పెళ్ళి చేసుకునేవాళ్ళకి ప్రభుత్వం ప్రోత్సాహకంగా డబ్బు ఇచ్చింది. మంచి ఉద్దేశమే. నిజంగా కాపురాలు నిలబడినవాళ్ళు ఉన్నారు. కాని డబ్బు కోసం తాళి కట్టి, డబ్బు చేతికి వచ్చాక వదిలేసినవాళ్ళు కూడా ఉన్నారు. దాంతో తెలిసిందేమిటంటే, ఆడదానికి విముక్తి అంటే ఎవరో ఒకరి చేతిలో పెట్టడం కాదు. తన పేరు మీద ఇల్లు, తన పేరు మీద సెంటో ఎకరమో భూమి, చేతిలో పని, పిల్లలకి బడి. ఇవి ఉంటే పెళ్ళి చేసుకోవాలో వద్దో తానే చూసుకుంటుంది.

పిల్లల బడి సంగతి కూడా చిన్నది కాదు. ఫారంలో తండ్రి పేరు అని ఒక గడి ఉంటుంది. మన సంగతే చూడండి. బిడ్డ పుడితే పార్ట్‌టూ ఆర్డర్‌లో పడాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా రికార్డ్స్ ఆఫీసుతో ఎన్ని ఉత్తరాలు, ఎన్ని అఫిడవిట్లు! ఫ్యామిలీ పెన్షన్ కోసం భార్య పేరు సరిచేయించడానికి తిరిగిన వీరనారుల్ని మన సంఘం సభ్యులు ఎంతమందిని చూశారో లెక్కలేదు. అన్ని కాగితాలు ఉన్న మన పిల్లలకే ఇలా ఉంటే, ఆ గడిలో వ్రాయడానికి ఏ పేరూ లేని బిడ్డ బడి గుమ్మం దగ్గర ఎలా నిలబడి ఉంటాడో ఊహించండి. తల్లి పేరు చాలు అనే మాట ఈ రోజు మామూలుగా వినిపిస్తోంది గాని, ఆ ఒక్క మాట కోసం జోగినుల తరఫున ఏళ్ళ తరబడి అడగాల్సి వచ్చింది.

చట్టం వచ్చింది సరే, దాని అమలుకి నిబంధనలు రావడానికి ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఈలోపల రాష్ట్రమే రెండయింది. నిజామాబాద్ ఇప్పుడు తెలంగాణలో ఉంది. దొంగచాటుగా అంకితం చేస్తున్నారన్న వార్తలు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి. ముసలివాళ్ళయిన జోగినులు పెన్షన్ కోసం ఆఫీసుల ముందు కూచునే ఫొటోలు కూడా వస్తాయి. చట్టం ఒక్క సంతకంతో అవుతుంది. ఊరి మనసు మారడానికి మనిషి ఆ ఊళ్ళో ఉండాలి.

హేమలతగారు ఉన్నారు. చివరిదాకా ఉన్నారు. తండ్రి పేరు మీద జాషువా ఫౌండేషన్ పెట్టి ఇతర భారతీయ భాషల రచయితలకి కూడా జాషువా సాహిత్య పురస్కారం ఇచ్చారు. 2008 మార్చి 19న కన్నుమూశారు. భర్త లవణంగారు 2015 ఆగస్టు 14న పోయారు. ఆవిడ మంత్రి పదవి చెయ్యలేదు, లోక్‌సభకి వెళ్ళలేదు, ఏ డ్యాముకీ ఆవిడ పేరు లేదు. బహుశా అందుకే మన పిల్లల పాఠాల్లో లేరు.

మన ఇళ్ళల్లో

1931లో రాయపూర్–విజయనగరం రైలు లైను పూర్తయిన దగ్గర నుంచీ ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఉన్నారు. కొందరు తరాలుగా ఉన్నారు, మనబోటివాళ్ళం సర్వీసు అయ్యాక స్థిరపడ్డాం. సంక్రాంతికి, ఉగాదికి కలుస్తాం. పిల్లలకి పద్యాలు నేర్పిస్తాం. మంచిదే. కాని మనకి తెలియకుండానే మన మాటల్లో కొన్ని పాత ముద్రలు కూడా పిల్లలకి అందిస్తున్నాం. అల్లరి చేసే పిల్లాడిని ‘స్టువర్టుపురం దొంగ’ అని నవ్వుతూ అనే ఇళ్ళు నాకు తెలుసు. నేనూ అన్నాను. కోపం వస్తే ఆడమనిషిని తిట్టడానికి మనవాళ్ళు వాడే మాటల్లో సగం ఇలాంటి చెల్లెళ్ళ బతుకుల నుంచి వచ్చినవే. మెస్సుల్లో, లైన్లలో, ఇళ్ళల్లో అలవాటుగా దొర్లే మాటలు. అవి ఎవరి బతుకులో తెలిసిన తర్వాత కూడా అదే నోటితో అనగలమా?

మేజర్ జనరల్ యదునాథ్ సింగ్ లాంటివాళ్ళు చూపించిన దారి మన శాఖదే. యూనిఫాం విప్పాక కూడా చెయ్యాల్సిన డ్యూటీ ఉంటుందని వాళ్ళు చెప్పారు. మనలో ప్రతివాడూ నలభైకి అటూ ఇటూగా రెండో బతుకు మొదలుపెట్టినవాడే. కొత్త ఊరు, కొత్త పని, సర్వీసులో ఉన్న హోదా బయట లేకపోవడం, ఇవన్నీ చూశాం. మనకి రీసెటిల్‌మెంట్ కోర్సులు ఉన్నాయి, సైనిక్ బోర్డు ఉంది, పెన్షన్ ఉంది, పక్కన నిలబడే సంఘం ఉంది. ఇవేవీ లేకుండా రెండో బతుకు మొదలుపెట్టమంటే ఎలా ఉంటుందో మనకంటే బాగా అర్థం చేసుకోగలిగినవాళ్ళు తక్కువ. మన స్వగ్రామాలు నిజామాబాద్‌లో, అనంతపురంలో, బాపట్లలో ఉన్నవాళ్ళం ఉన్నాం. సెలవుకి వెళ్ళినప్పుడు ఎల్లమ్మ గుడి దగ్గర ఏం జరుగుతోందో ఒకసారి అడగొచ్చు. మాజీ సైనికుడు అడిగితే ఊళ్ళో ఒక విలువ ఉంటుంది.

నా మనవరాలికి ఇదంతా చెప్పాను. జోగిని సంగతి చెప్పడానికి కొంచెం తటపటాయించాను, పన్నెండేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలా అని. తర్వాత అనిపించింది, ఆ వయసు పిల్లలకే కదా అది జరిగింది అని. చెప్పాను. విని కాసేపు ఏం మాట్లాడలేదు. “స్కూల్లో వచ్చేసారి ఈవిడ గురించి చెప్తాను తాతయ్యా, కాని హిందీలో చెల్లి అంటే ఛోటీ బహన్ అంటే సరిపోతుందా?” అంది.

సరిపోతుందమ్మా అన్నాను.

జై హింద్.